అందరి చేన్లూ చూసిన అమ్మాయి

2021 వానాకాలానికి రత్నమాల పదో తరగతికి వచ్చిందన్న మాటేగాని బడి తలుపులు ఇంకా తెరుచుకోలేదు. కరోనా కాలం. పాఠాలు టీవీలో చెబుతున్నారు. వీళ్ళింట్లో టీవీ చెడిపోయింది కాబట్టి పక్కింటికి పోయి వినాలి. ఆ ఇంటివాళ్ళు సీరియల్ పెట్టుకున్నారంటే ఆరోజుకి లెక్కల పాఠం అక్కడితో సరి. నెల రోజులు అలా చూసి, విసుగెత్తి, ఒక పొద్దున తల్లి విజయ చద్ది గిన్నె కట్టుకుంటుంటే "నేను గూడ అస్త అమ్మా" అని వెంట నడిచింది.

వాళ్ళది బుగ్గారం. తాతల కాలం నుంచీ భూమి లేదు. తండ్రి సామేలు సుతారి పనికి, అంటే గోడలు కట్టే పనికి, రోజూ కోరుట్ల పోయి వస్తాడు. విజయ ఏడుగురు ఆడవాళ్ళ జట్టులో ఒకతెగా పసుపు చేన్లలో కైకిలి కూలికి పోతుంది. జూన్‌లో కొమ్ములు నాటడం, తర్వాత కలుపు తీయడం, సంక్రాంతి దాటాక తవ్వకం. ఇవాళ ఒకరి చేను, రేపు ఇంకొకరిది. అలా ఊరి చుట్టూ పదకొండు చేన్లలో ఆ జట్టు కాలు పెట్టని మడి ఉండదు.

ఆగస్టులో కలుపు తీస్తూ ఉంటే రత్నమాల ఒక మొక్కను పట్టుకుంది. అది వేరుతో సహా చేతిలోకి వచ్చేసింది. మొదలు మెత్తగా చితికి ఉంది. ఆకుల అంచులు పచ్చబడ్డాయి.

"గిదేంది అమ్మా, ముట్టుకుంటనే అచ్చింది?"

"దుంపకుళ్ళు. గది పడ్డదంటే ఇగ చేను పోయినట్టే. ఆనలు ఎక్కువైతే గట్లనే పడ్తది" అంది విజయ, చేతిలో పని ఆపకుండా.

రత్నమాల ఆ మాట నమ్మింది. కానీ మరుసటి వారం వాళ్ళు పోయిన చేను చెరువు కింది పల్లపు చేను. మోకాలి దాకా బురద. అక్కడ ఒక్క మొక్కకూ కుళ్ళు లేదు. వానలు ఎక్కువైతే కుళ్ళు పడితే, ఇక్కడెందుకు పడలేదు? తల్లిని అడిగితే "నాకేమెరుక" అంది. జట్టులో మిగతావాళ్ళని అడిగితే నవ్వారు. ఆ రోజు ఇంటికి వచ్చి, గోడకున్న పాత క్యాలెండరు కాగితం ఒకటి చింపి, దాని వెనక ఆ పల్లపు చేను బొమ్మ గీసింది. పక్కన ముందువారం చూసిన చేను గీసి, కుళ్ళు ఉన్న చోట పెన్సిలుతో చుక్కలు పెట్టింది. ఎందుకు గీసిందని అడిగితే ఇప్పటికీ పెద్ద కారణమేమీ చెప్పదు. "మర్శిపోతనేమో అని" అంటుంది.

సెప్టెంబరులో బడి తెరిచారు. అయినా ఆదివారాలు చర్చి అయ్యాక తల్లి పని చేస్తున్న చేను చూసి వచ్చేది. పదో తరగతిలో మంచి మార్కులే వచ్చాయి. జగిత్యాలలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బైపీసీ తీసుకుంది. 2022 వానాకాలం నాటికి పదకొండు చేన్లకూ పదకొండు కాగితాలయ్యాయి. ఎవరూ అడగలేదు, ఎవరికీ చూపించలేదు.

ఇంటర్ మొదటి సంవత్సరం సంక్రాంతి తర్వాత విజయ చేను గట్టు మీద జారి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పసుపు తవ్వకాలు మొదలైన సమయం. జట్టులో ఒక మనిషి తగ్గితే మిగతా ఆరుగురికీ పని సాగదు. ఎవరూ పొమ్మనకుండానే రత్నమాల తల్లి స్థానంలో నిలబడింది. ఆరు వారాలు కాలేజీకి పోలేదు. మార్చిలో పరీక్షలు రాస్తే ఫిజిక్స్‌లో అరవైకి ఇరవై ఆరు వచ్చాయి. కెమిస్ట్రీ కూడా అంతంతమాత్రం.

కానీ ఆ ఆరు వారాల్లోనే ఆమెకొక సంగతి తెలిసింది. వానాకాలంలో పైన చూసినప్పుడు కుళ్ళు అయిదు చేన్లలో కనబడింది. ఇప్పుడు తవ్వుతున్నప్పుడు ప్రతి రైతునూ ఒకే ప్రశ్న అడిగింది: "విత్తనం ఏడ తెచ్చిన్రు?" కుళ్ళు పడ్డ అయిదింటిలో నాలుగు చేన్లకు విత్తనపు కొమ్ములు వచ్చింది ఒకే చోటి నుంచి. ఊళ్ళో పెద్ద రైతు జలపతి కుప్ప నుంచి. పల్లపు చేనువాళ్ళు వేరే ఊరి విత్తనం తెచ్చుకున్నారు.

అయితే అయిదో చేను లెక్కకు రాలేదు. అది కొమురయ్యది. ఆయన ఎప్పుడూ సొంత విత్తనమే దాచుకుంటాడు. మరి ఆయన చేనులో కుళ్ళు ఎట్లా వచ్చింది? రత్నమాల ఆ కాగితం మీద ఒక ప్రశ్నార్థకం పెట్టి వదిలేసింది.

ఇంటర్ రెండో సంవత్సరంలో బాటనీ చెప్పడానికి కల్యాణి మేడం వచ్చింది. ఆమెది సిరిసిల్ల. వారమంతా జగిత్యాలలో అద్దె గదిలో ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోతుంది. రికార్డులు దిద్దుతుంటే ఒకదాని చివరి పేజీలో కుళ్ళిన పసుపు దుంపను అడ్డంగా కోసిన బొమ్మ కనిపించింది.

"రత్నమాలా, గీ బొమ్మ సిలబస్‌ల లేదు కదా, ఎందుకేసినవ్?"

తిట్టడానికే అడుగుతోందనుకుని రత్నమాల తల దించుకుంది. "పేజీ ఖాళీగ ఉంటే ఏసిన మేడం. చింపేస్త."

"చింపుతవెందుకు? ఏడ జూసినవో చెప్పు ముందు."

మరునాడు పదకొండు కాగితాలూ చుట్టగా చుట్టి తెచ్చింది. మేడం ల్యాబ్ బల్ల మీద వాటిని పరిచి, మధ్యాహ్నం అన్నం తినడం మర్చిపోయి చూసింది. చూసినంతసేపూ పొగడలేదు, ప్రశ్నలే అడిగింది. నాటిన తేదీ రాసుకున్నవా? రెండో ఏడు కూడా అదే మడిలో పడ్డదా? కొన్నింటికి రత్నమాల దగ్గర జవాబు ఉంది, కొన్నింటికి లేదు. లేనివి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ ఇంటికి పోయింది.

బెంగళూరు దగ్గర ఒక విశ్వవిద్యాలయం గురించి చెప్పింది కల్యాణి మేడమే. జీవశాస్త్రంలో నాలుగేళ్ళ డిగ్రీ. ఎంపికైన పేదపిల్లలకు చదువు, హాస్టలు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. కానీ దేశం మొత్తం మీద తీసుకునేది కొద్దిమందినే. రాతపరీక్ష ఉంటుంది, ఇంటర్వ్యూ ఉంటుంది. దరఖాస్తులో మార్కులతో పాటు ఒక వ్యాసం రాయాలి. మీ చదువు మీద ప్రభావం చూపిన పరిస్థితులేమైనా ఉంటే చెప్పమని విడిగా ఒక గడి కూడా ఉంది.

సామేలు ఈ సంగతి విని, కోరుట్లలో తాను గోడ కడుతున్న ఇంటి ఎదురుగా ఉన్న మహిపాల్ దగ్గరికి కూతుర్ని తీసుకుపోయాడు. మహిపాల్ ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే దుకాణం నడుపుతాడు. మంచివాడే. పిల్లను కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, అరగంటలో ఇంగ్లీషులో నిండుగా ఒక వ్యాసం కొట్టి చేతిలో పెట్టాడు. రత్నమాల నెమ్మదిగా, తెలియని మాటలు అడుగుతూ చదివింది. చిన్నప్పటి నుంచి మానవసేవే తన కల. బడిలో పర్యావరణ సంఘం స్థాపించి వెయ్యి మొక్కలు నాటించింది. చర్చావేదికల్లో బహుమతులు గెలిచింది.

"సార్, గీ పిల్ల ఎవలు?" అని అడిగింది.

మహిపాల్ నవ్వాడు. "నువ్వే. అందరు గిట్లనే రాస్తరమ్మా. పెద్ద కాలేజీలంటే మామూలా? ఏదన్న ఒకటి జేసినట్టు ఉండాలె."

"నేను గివేం జెయ్యలే సార్."

"జెయ్యలేదని ఆళ్ళకెట్ల ఎర్కైతది?"

సామేలు కూతురి ముఖం చూశాడు. ఇంగ్లీషు ఆయనకు రాదు, కానీ ఆ ముఖం చదవగలడు. "ఉండనీ అన్నా, మళ్ళ అస్తం" అని లేచాడు. బయటికి వచ్చాక "ఏమైంది బిడ్డా?" అన్నాడు. "అండ్ల నేను లేను బాపు" అంది రత్నమాల. 

ఆ ఆదివారం ఆమె వేములవాడ మీదుగా రెండు బస్సులు మారి సిరిసిల్ల చేరింది. కల్యాణి మేడం ఇంటి వెనక రేకుల షెడ్డులో సాంచాలు నడుస్తున్నాయి. ఆ మరమగ్గాల చప్పుడుకు మొదట ఒకరి మాట ఒకరికి వినబడలేదు. మేడం తండ్రి ఇప్పటికీ ఆ షెడ్డులో పని చేస్తాడు. ఇంట్లో అందరూ కొంచెం గట్టిగా మాట్లాడతారు. అలవాటయ్యాక అది కోపం కాదని తెలిసింది.

మేడం దరఖాస్తు చూసింది. వ్యాసం ఖాళీ. పరిస్థితుల గడి కూడా ఖాళీ.

"ఇదెందుకు ఇడిశిపెట్టినవ్? ఫస్టియర్ మార్కులు ఎందుకు తగ్గినయో రాయొద్దా?"

"వద్దు మేడం. అమ్మ చెయ్యి ఇరిగింది, కైకిలి పోయిన అని రాస్తె అడుక్కున్నట్టుంటది. ఆళ్ళు జాలిపడి సీటిస్తె నాకొద్దు."

కల్యాణి దరఖాస్తు పక్కన పెట్టింది. తర్వాత తన సంగతి చెప్పింది. ఇరవై ఏళ్ళ కింద పీజీలో చేరడానికి ఇంటర్వ్యూకు పోతే మీ నాన్న ఏం చేస్తాడని అడిగారట. "బిజినెస్" అని అబద్ధమాడింది. చిన్నప్పటి నుంచి తండ్రి పక్కన నిలబడి, తెగిన పోగు ఎక్కడుందో చప్పుడును బట్టి చెప్పగలిగిన పిల్ల, ఆ మాట వాళ్ళకు చెప్పలేకపోయింది. సీటు రాలేదు. చెబితే వచ్చేదని కాదు. "కానీ ఆ గదిలకు పోయింది నేను గాదు. వేరే ఎవలో పోయి అచ్చినట్టుండె" అంది.

"కష్టం జెప్పుకునుడు వేరు, సంగతి జెప్పుడు వేరు రత్నమాలా. గా ఇరవై ఆరు మార్కులు ఒక్కటే జూస్తె వాళ్ళకేం ఎర్కైతది? పిల్లకు చదువురాదనుకుంటరు. ఆరు వారాలు ఏడ ఉన్నవో, ఏం జేసినవో చెప్పు. జాలి పడాల్నా, లెక్కలకు తీసుకోవాల్నా వాళ్ళిష్టం. నువ్వైతె నిజం రాయి."

"మరి వ్యాసంల ఏం రాయాలె మేడం? నేనేం సంఘాలు పెట్టలేదు."

"ఎవలు జెప్పకపోయినా నువ్వు జేసిన పని ఏంది?"

రత్నమాల కలం తీసుకుని రెండు మూడు మాటలు రాసి కొట్టేసింది. చివరికి తెలుగులో రాయడం మొదలుపెట్టింది. మొదటి వాక్యం: "రైతు తన చేను ఒక్కటే చూస్తాడు. కూలికి పోయేవాళ్ళు అందరి చేన్లూ చూస్తారు." అది రాశాక మిగతాదంతా ఆగకుండా వచ్చింది. భూమి లేకపోవడం గురించి ఆమె అప్పటిదాకా ఎన్నడూ అలా ఆలోచించలేదు. పదకొండు చేన్లను పక్కపక్కన పెట్టి చూడగలిగింది వాటిలో ఒక్కటీ తనది కానందుకే. కొమురయ్య చేను సంగతి తనకింకా అంతుబట్టలేదని కూడా రాసింది.

దాన్ని ఇంగ్లీషులోకి మార్చడానికి మళ్ళీ రెండు ఆదివారాలు పట్టింది. మేడం స్పెల్లింగులు దిద్దింది తప్ప వాక్యాలు రాయలేదు. "నేను రాస్తె మహిపాల్ రాసినట్టే అయితది" అని కలం ముట్టుకోలేదు.

రాతపరీక్షలో గట్టెక్కింది, అంతే. పై వరసలో పేరేమీ లేదు. ఏప్రిల్‌లో హైదరాబాదులో ఇంటర్వ్యూ. సామేలు పని మానుకుని వెంట వచ్చాడు. బయట వరండాలో పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడుకుంటూ, మెరిసే ఫైళ్ళలో సర్టిఫికెట్లు సర్దుకుంటున్నారు. రత్నమాల చేతిలో క్యాలెండరు కాగితాల చుట్ట ఉంది. వాటికి మరో ఏడాది చుక్కలు కూడా చేరాయి.

లోపల ఇద్దరున్నారు. ఒకరు నెరిసిన జుట్టు ప్రొఫెసరమ్మ, తెలుగు రాదు. రెండో ఆయన కడప వైపు మనిషి. "మీకు ఏ భాష వీలైతే అందులో మాట్లాడండి, నేను మేడంగారికి చెబుతాను" అన్నాడు. రత్నమాల ఇంగ్లీషులో మొదలుపెట్టి, మధ్యలో తెలుగులోకి వచ్చేసింది.

మొదటి ప్రశ్న ఫిజిక్స్ మార్కుల మీదే. చెప్పింది. ఆవిడ విని అడిగింది: ఆ ఆరు వారాలు కాలేజీ తప్పిపోయినందుకు బాధపడ్డారా?

"మార్కులకు బాధైంది. చేనుకు పోయినందుకు కాలేదు. తవ్వకపోతే విత్తనం సంగతి నాకు ఎర్కయ్యేదే కాదు."

ఆ తర్వాత కాగితాలు బల్ల నిండా పరిచారు. ఆవిడ వేలు తిన్నగా కొమురయ్య చేను మీద ఆగింది. దీనికి కారణమేమనుకుంటున్నారు?

"తెల్వది."

ఊహించి చెప్పండి.

"నీళ్ళతోని అచ్చిందేమో అనుకున్న. కానీ పక్క చేను నీళ్ళు అటు పోవు, గట్టు ఎత్తు. ఊహ నిలవడలే."

మరి ఎవరిని అడిగితే తెలుస్తుంది?

 కొమురయ్యను ఎప్పుడో అడిగింది. జలపతిని అడిగింది. రైతులందరినీ అడిగింది. అడగని మనుషులు ఉన్నారని రత్నమాలకు అప్పుడు తట్టింది. "నాటిన ఆళ్ళను అడగలే" అంది నెమ్మదిగా. "మా అమ్మ జట్టును."

కడపాయన నవ్వుతూ ఆ మాట ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ నవ్వలేదు, ఏదో రాసుకుంది. ఇంకో పది నిమిషాలు మాట్లాడి పంపించేశారు.

బయటికి రాగానే సామేలు "ఎట్లయింది బిడ్డా?" అని ఆత్రంగా అడిగాడు. రత్నమాల "బాపు, ఫోనియ్యి" అని తీసుకుని తల్లికి కలిపింది.

"అమ్మా, పోయినేడు గాదు, దానికంటె ముందటేడు కొమురయ్య తాత చేను నాటింది మీరే గద? అంత సొంత విత్తనమేనా?"

"సొంతదే. ఎందుకే?" అంది విజయ. గుర్తుచేసుకుని "చివర్ల జరంత తక్కువ వడ్డది. జలపతి పటేల్ కుప్పల కెళ్ళి రెండు గంపలు తెచ్చినం. నేనే మోసిన గద" అంది.

"ఏ మూలకు నాటిన్రు?"

"తుమ్మచెట్టు మూలకు."

రత్నమాల వరండా మెట్ల మీద కూర్చుని కాగితం విప్పింది. చుక్కలన్నీ తుమ్మచెట్టు మూలలోనే ఉన్నాయి. కొమురయ్య మర్చిపోయిన రెండు గంపలు, మోసిన మనిషికి గుర్తున్నాయి. ఆమె గట్టిగా నవ్వితే వరండాలో పిల్లలు తిరిగి చూశారు. సామేలు సీటు వచ్చేసిందనుకున్నాడు. కాదని చెప్పాక కూడా ఆమె నవ్వు ఆగకపోయేసరికి ఆయనా నవ్వాడు. బస్టాండు దాకా ఆయన ఇంటర్వ్యూ గురించి అడుగుతూనే ఉన్నాడు, ఆమె తుమ్మచెట్టు మూల గురించి చెబుతూనే ఉంది.

మే చివరలో సీటు వచ్చింది. ఫోనుకు వచ్చిన సందేశాన్ని కల్యాణి మేడంకు పంపి, నిజమేనా అని రెండుసార్లు అడిగింది. మేడం సిరిసిల్ల నుంచి ఫోన్ చేసి, సాంచాల చప్పుడు మధ్య ఏదో అరిచింది. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ సంతోషమని తెలిసింది.

కాలేజీలో ఫస్టు వచ్చిన అమ్మాయి వాళ్ళమ్మ ఒకరోజు విజయను అడిగింది: "మా పిల్లకంటె నీ బిడ్డకు మార్కులు తక్కువనే గదనే, ఎట్లిచ్చిన్రు?"  విజయ ఇంటికి వచ్చి ఆ మాటే కూతుర్ని అడిగింది.  "ఆమె అప్లై చెయ్యలే అమ్మా. చేస్తె ఆమెకు గూడ అచ్చేదేమో. కానీ మార్కులు ఎన్ని అచ్చినయి అని ఒక్కటే అడగలే వాళ్ళు. ఏడ ఉండి తెచ్చుకున్నవ్, ఎవలు జెప్పకున్నా ఏం జేసినవ్ అని గూడ అడిగిన్రు" అంది రత్నమాల.

జలపతి మాత్రం మొహం మాడ్చుకుని తిరిగాడు. రెండు గంపల సంగతి జట్టు నోట విని, తన కుప్ప మీద నింద వేసిందని కోపం. జూన్‌లో నాటే సమయానికి ఒకరోజు విజయ జట్టును పనికి పిలుస్తూ, గుమ్మంలో నిలబడి "నీ బిడ్డ ఉన్నదా?" అన్నాడు. రత్నమాల బయటికి వచ్చింది.

"ఏమే, నా విత్తనం మంచిది గాదని ఊరంత చెప్పినవట?"

"ఊరంత చెప్పలే పటేలా. కాగితంల రాసిన. మీకు జెప్పుదామంటె భయమైంది."

జలపతి గొంతు సవరించుకున్నాడు. "మరి ఏరి చూపియ్యి. ఏది మంచిది, ఏది గాదు."

ఆ పొద్దంతా ఆమె, తల్లి, జట్టు ఆడవాళ్ళు కుప్ప ముందు కూర్చుని కొమ్ములను ఒక్కొక్కటే విరిచి చూశారు. మెత్తబడ్డవి, లోపల గోధుమరంగు తిరిగినవి పక్కన పారేశారు. కుప్పలో మూడో వంతు పోయింది. జలపతి అది చూసి నెత్తి పట్టుకున్నాడు గానీ వద్దనలేదు.

ఆగస్టులో ఆమె బెంగళూరు పోయింది. మొదటి ఆరు నెలలు సులువుగా ఏమీ గడవలేదు. క్లాసులో మాటలు వేగంగా దొర్లిపోయేవి. కెమిస్ట్రీ మొదటి పరీక్షలో చివరి నుంచి మూడోది. కానీ ఏ పాఠం అర్థం కాలేదో అది రాసుకుని మాస్టారి గది ముందు నిలబడటానికి ఆమె సిగ్గుపడలేదు. రెండో సెమిస్టరుకు క్లాసు మధ్యవరసకు వచ్చింది. ఆ నెరిసిన జుట్టు ప్రొఫెసరమ్మే ఇప్పుడు మొక్కల జబ్బుల పాఠం చెబుతుంది.

ఈ మధ్య సామేలు, విజయ ఆమెను చూసి వద్దామని రైలెక్కారు. విజయ హాస్టల్ గది, మంచం, కిటికీ అన్నీ చేత్తో తడిమి చూసింది. సామేలు కాలేజీ గోడల దగ్గర ఆగి, ఇటుక వరసలు తిన్నగా ఉన్నాయో లేదో ఒక కన్ను మూసి చూశాడు. మధ్యాహ్నం మెస్సులో ముగ్గురూ కలిసి కూర్చున్నారు. సామేలు సాంబారు కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"ఏందే బిడ్డా, అండ్ల బెల్లం ఏసిన్రా?"

"ఈడ గట్లనే ఏస్తరు బాపు."

"రోజూ?"

"రోజూ."

సామేలు కూతుర్ని కాసేపు జాలిగా చూసి, విజయ సంచిలోంచి మామిడికాయ తొక్కు సీసా తీసి మూత తిప్పాడు. పక్క బల్ల దగ్గరి పిల్లలు కంచాలు పట్టుకుని ఇటు జరిగారు.